గడపలో చెప్పిన పేరు

ఇటు జరిగి కూర్చో పిల్లా. ఆ ఫోను బోర్లా పెట్టు. సింగానల్లూరు తిరుమలమ్మాళ్ సంగతి నీకు ఎవరో ఒకరు చెప్పే ఉంటారు, ముసలిదానికి మతి తప్పి మొగుణ్ణి పేరు పెట్టి పిలిచిందని. అట్లా చెప్పేవాళ్ళెవరూ ఆ గదిలో లేరు. ఆమె మా వాకిట్లో కూర్చుని, ఒళ్ళో చేట పెట్టుకుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ తానే నాకు చెప్పింది. ఈనె తీసినంత నిదానంగా చెప్పింది. నేనూ అట్లాగే చెప్తాను, తొందర పెట్టకు.

ఆ ఆదివారం మదన్ ఇంట్లో కొత్త వైరింగు పని ముగిసింది. మదన్ తిరుమలమ్మాళ్‌కు ఒక్కడే కొడుకు, పంపుసెట్ల సామాన్లు కోసే లేత్ వర్క్‌షాపు నడుపుతాడు. గోడల మీద ఏళ్ళ తరబడి ఉన్న స్విచ్చు బోర్డులన్నీ పీకించి, గుంతలు పూడ్పించి, పైన నున్నగా రంగు వేయించాడు. వంటింటి స్విచ్చు చుట్టూ తిరుమలమ్మాళ్ పసుపు వేళ్ళ మరక ఒకటి ఉండేది. ఎంత తుడిచినా పోయేది కాదు. ఇప్పుడు అక్కడ గోడ కొత్త పలక మాదిరి ఉంది. ఒక్కో గదిలో కొబ్బరిచిప్ప బోర్లించినంత నల్లటి మిషను ఒకటి పెట్టారు. దానికి నోటితో చెబితే చాలు, లైటు వెలుగుతుంది, ఫ్యాను తిరుగుతుంది. లేదా మదన్ ఫోనులోనో, అతని పెళ్ళాం షణ్ముగప్రియ ఫోనులోనో వేలితో తాకాలి. తిరుమలమ్మాళ్‌ది బటన్ల ఫోను. అందులో అవేవీ రావు.

ఆ మిషన్లు చూడడానికి షణ్ముగప్రియ తల్లి పంకజవల్లి, తన చెల్లెల్ని వెంటబెట్టుకుని పోదనూరు నుంచి వచ్చింది. మదన్ గది గదికీ తిప్పి చూపించాడు. అతను తమిళంలో చెబుతుంటే మిషను తమిళంలోనే, మెత్తటి ఆడగొంతుతో 'సరి' అంటోంది.

"మిషనుకు తెలిసేదానికి ఒక్కో రూముకు ఒక్కో పేరు. మేడమీద మాస్టర్, ఆఫీస్. ఇక్కడ హాల్, కిచన్," అని చెబుతూ అందరినీ కిందనే ఉన్న తండ్రి గదిలోకి తీసుకొచ్చాడు. "ఈ రూముకు మాత్రం నైనా పేరే పెట్టినా. దినమూ ఇంట్లో నైనా పేరు మోగతా ఉండాలని."

మంచం మీద అళగర్‌సామి పడుకుని ఉన్నాడు. పోయిన కార్తీకంలో పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయింది, మాట పోయింది. ఎడమ చెయ్యి ఆడుతుంది, కళ్ళు ఆడతాయి. వీపు మీద పుండు పడకుండా ఆయన కింద గాలి పరుపు వేశారు. దాని మోటారు ఆడుతున్నంతసేపు పరుపు ఒక పక్క ఉబ్బి, ఒక పక్క తగ్గుతూ ఉంటుంది.

"హలో హోమ్," అన్నాడు మదన్. "అళగర్‌సామి ఫ్యాన్ ఆన్."

అళగర్‌సామి తల తిప్పి కొడుకు వైపు చూశాడు. అందరూ ఫ్యాను వైపు చూశారు.

"అళగర్‌సామి బెడ్ ఆన్." పరుపు మోటారు గుర్రుమంది. ఆయన మళ్ళీ తల తిప్పాడు. పంకజవల్లి చెల్లెలు చప్పట్లు కొట్టింది.

తిరుమలమ్మాళ్ రాగిపిండి కాచిన కంజి గిన్నె పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడి ఉంది. పేరు వినపడినప్పుడల్లా కళ్ళు కిందికి దించుకుంది.

"అమ్మా, ఇప్పుడు నువ్వు చెప్పు. నీకోసరమే కదా ఇదంతా. మోకాళ్ళ నొప్పితో లేచి స్విచ్చు కాడికి పోయే పని లేదింక."

"నేను చెప్పను లేరా."

"ఏం?"

"ఏమంటే? నీకు తెలీదా?"

పంకజవల్లి పకపకా నవ్వింది. "ఏం వదినా, ఏ కాలంలో ఉండారు మీరు? మా ప్రియ మీ కొడుకుని 'వాడా, పోడా' అనే పిలుస్తాది. మీరేమో మిషనుతో చెప్పేదానికి కూడా సిగ్గుపడతారు!"

"చెప్తేనే బయటికి వదిలేది," అని చెల్లెలు గుమ్మానికి అడ్డంగా చెయ్యి చాచింది. "పెండ్లికూతురు మాదిరి చెప్పేసి పోండి!"

అందరూ నవ్వారు. కొడుకూ నవ్వాడు. తిరుమలమ్మాళ్ వంగి, ఆ చేతికింద నుంచి దూరి బయటికి వచ్చేసింది. కంజి గిన్నె ఒరిగి చీర కుచ్చెళ్ళ మీద ఒలికింది.

ఎందుకు చెప్పలేదని అడుగుతావేమో. మనవాళ్ళలో పెళ్ళయి ఇంటికొచ్చిన రోజు ఆడబిడ్డలు గడపకు అడ్డం నిలబడతారు. మొగుడూ పెళ్ళామూ ఒకరి పేరు ఒకరు చెప్పాలి, అప్పుడే దారి ఇస్తారు. మదురై పక్క వాడిపట్టి నుంచి కోడలై వచ్చిన రోజు ఈ ఇంటి గడపలోనే ఆయన 'నేనూ తిరుమలమ్మాళూ వచ్చినాం' అన్నాడు. ఆమె పమిట నోటికి అడ్డం పెట్టుకుని ఆయన పేరు చెప్పింది. లోపలికి రాగానే అత్తగారు ఆమె నోట చక్కెర పోసి, 'గడపలో చెప్తే కాపురానికి, గడప దాటి చెప్తే కాటికి. ఇంక ఆ పేరు నీ నోట రాకూడదు' అంది. అంతే. ఆమె మళ్ళీ ఆ పేరు పలకలేదు. మదురైలో చిత్తిరనెలలో ఏట్లోకి దిగే సామి పేరూ అదే కదా, ఆమె 'ఏట్లో దిగే సామి' అనే చెప్పుకుని దండం పెట్టేది. కోడలు కొత్త చీర కట్టుకుంటే తమిళంలో అందరూ 'అళగా ఇరుక్కు' అంటారు, ఆమె మాత్రం 'సొగసుగా ఉండాది' అనేది. ఆయన కూడా ఆ తర్వాత ఆమెను పేరుతో పిలవలేదు. 'ఏమే' అనేవాడు, 'ఇందా' అనేవాడు.

ఆ రోజు అన్నం వడ్డిస్తూ కొడుకుతో చెప్పింది. "ఆ రూముకు పేరు మార్చురా. కింద రూము అని పెట్టు. ముసలోళ్ళ రూము అని పెట్టు, నాకేం లేదు."

"మార్చొచ్చమ్మా. ఒక్క నిమిషం పని. ఆదివారం చేస్తాలే."

"ఈ పొద్దు ఆదివారమే కదరా."

"వచ్చే ఆదివారం," అని మదన్ రసం పోయమని కంచం జరిపాడు.

*

ఇంక తిరుమలమ్మాళ్‌కు దిక్కు ఆరోగ్యమేరి. పక్షవాతం వచ్చిన రోజు నుంచి అళగర్‌సామిని చూసుకునేందుకు పెట్టిన మనిషి. నాయుళ్ళ ఇళ్ళలో పనిచేసి చేసి తమిళమూ తెలుగూ కలిపి కొడుతుంది. ఆసుపత్రిలో పేషెంటు పేరేమిటని నర్సు గద్దించి అడిగినప్పుడు కూడా తిరుమలమ్మాళ్ నోరు తెరవక పక్కనున్న ఆమె మోచేతిని పొడిచింది. ఆరోగ్యమేరే చెప్పింది. ఇప్పుడూ అంతే. ఫ్యాను కావాలంటే తిరుమలమ్మాళ్ కళ్ళతో పైకి చూపిస్తుంది, పరుపు కావాలంటే కిందికి చూపిస్తుంది. ఆరోగ్యమేరి మిషను దగ్గర నిలబడి చర్చిలో పాట ఎత్తుకున్నట్టు గొంతు సవరించుకుని చెబుతుంది.

"అమ్మా, దినానికి ఇన్ని తడవలు మీ వీట్టుకారర్ పేరు నేను పిలుస్తా ఉండా. మా ఆయన వింటే నన్ను ఇంట్లోకి రానిస్తాడా?"

"మీ ఆయన పేరు నేను చెప్తా లేవే, సరికి సరి," అనేది తిరుమలమ్మాళ్. ఇద్దరూ నవ్వుకునేవాళ్ళు.

అయితే ఆ నవ్వుల మధ్యే ఒకటి చూసింది తిరుమలమ్మాళ్. ఆరోగ్యమేరి ఆ పేరు చెప్పిన ప్రతిసారీ ఆయన తల తిప్పుతాడు. ఎవరో పిలిచారన్నట్టు చూస్తాడు. ఫ్యాను తిరగడం మొదలుపెట్టాక మళ్ళీ తల మామూలుగా పెట్టుకుని గోడ వైపు చూస్తాడు. ఒకసారి చూసి ఊరుకుంది. రెండోసారి చూశాక ఆరోగ్యమేరితో, "కొంచెం మెల్లిగా చెప్పవే, ఆయన ఉలిక్కిపడతా ఉండారు," అంది. మెల్లిగా చెప్తే మిషనుకు వినపడలేదు.

బుధవారం షణ్ముగప్రియ కాఫీ గ్లాసుతో మేడ దిగి వచ్చింది. ఆమెకు ఇంట్లోనే కంప్యూటరు ఉద్యోగం. పొద్దున కూర్చుంటే సాయంత్రం దాకా చెవులకు హెడ్‌ఫోను తగిలించుకునే ఉంటుంది. మంచి పిల్లే. గట్టిగా మాట్లాడదు. మెత్తగానే చెప్పింది.

"అత్తా, ఇంక ఆరోగ్యం పొద్దున మాత్రం వస్తే చాలు. మామకు ఒళ్ళు తుడిచి, బట్టలు మార్చేసి పోతాది. లైటు, ఫ్యాను, పరుపు అన్నీ మిషనే చూసుకుంటాది కదా."

"మిషను చూసుకుంటాదా? చెప్పేవాళ్ళు ఉండాల్నే?"

"మీరు ఉండారు కదా అత్తా."

"నేను చెప్పను కదా ప్రియా."

షణ్ముగప్రియ చిన్నగా నవ్వింది. "చెప్పి చూస్తే అలవాటైపోతాది. సుమ్మా, ఉత్త పేరే కదా." గ్లాసు తొట్టిలో పెట్టి మళ్ళీ మేడెక్కింది.

ఆ మధ్యాహ్నం ఆరోగ్యమేరి చెప్పులు తొడుక్కుంటూ చాలాసేపు వంగే ఉంది. తర్వాత గదిలోకి వెనక్కి వచ్చి, ఫ్యానూ పరుపూ రెండూ ఆడుతున్నాయా అని చేత్తో పట్టి చూసింది. "అమ్మా, అంతా వేసే ఉండా. మీరు ఆపొద్దు. రేపు పొద్దున దాకా ఆడతానే ఉండాలి. నేనొచ్చి చూస్తా."

"పోయిరావే."

"కరెంటు పోకుండా మేరీమాతను అడుక్కోండి," అంది ఆరోగ్యమేరి. నవ్వించబోయి అంది. ఇద్దరికీ నవ్వు రాలేదు.

*

శుక్రవారం ఏట్లో దిగే సామి పండుగ. వాడిపట్టి ఆడబిడ్డకు ఆ రోజు ఎక్కడున్నా మనసు వైగై ఏటి ఒడ్డునే ఉంటుంది. హాల్లో టీవీ పెట్టి, గది తలుపు తీసి ఉంచింది, ఆయనకూ కనపడాలని. జనం, ఇసక, బంగారు గుర్రం. టీవీలో మాట్లాడేవాడు సామిని పేరుతో చెబుతూనే ఉన్నాడు. చెప్పిన ప్రతిసారీ ఆయన కళ్ళు అటూ ఇటూ తిరిగాయి.

సరిగ్గా సామి నీళ్ళలో కాలు పెట్టే వేళకు కరెంటు పోయింది.

ఇన్వర్టర్ ఉంది, మేడమీదికి మాత్రమే. కోడలి ఉద్యోగానికని పెట్టించింది. కింద టీవీ ఆగింది, ఫ్యాను ఆగింది, పరుపు మోటారు ఆగింది. చిత్తిరనెల ఎండ తెలుసు కదా నీకు, రంగు వేసిన కొత్త గోడలు కూడా ఆవిరి కక్కుతున్నాయి. తిరుమలమ్మాళ్ తాటాకు విసనకర్ర తీసింది. ఒక చేతికి నొప్పి వస్తే ఇంకో చేతికి మార్చుకుంటూ విసిరింది. తువ్వాలు తడిపి ఆయన మెడా చంకలూ తుడిచింది. పరుపులో గాలి దిగిపోతోంది. ముందు మధ్యలో కుంగింది, తర్వాత అంచులు పడిపోయాయి. ఆయన ఎముకలు కింద చెక్కకు తగులుతున్నాయి. ఆమె ఆయన భుజం కింద చెయ్యి పెట్టి, మోకాలు మంచం పట్టెకు ఆనించి, ఒంటరిగా పక్కకు తిప్పింది. వీపు మీద రూపాయి బిళ్ళంత ఎర్రగా కమిలిన చోటు కనపడింది. నిన్న లేదది.

కాసేపటికి మేడమీద ఏదో బీప్‌మంది. వీధిలో ఎవరి ఇంట్లోనో మిక్సీ మోగింది. కరెంటు వచ్చింది. అందరి ఇళ్ళలో ఫ్యాన్లు తిరిగాయి. వాళ్ళ ఫ్యాను కదలలేదు. ఆ మిషను తీరే అంత. కరెంటు పోయి వస్తే, మళ్ళీ పేరు పెట్టి చెబితేనే మొదలుపెడుతుంది.

ఆమె గోడ దగ్గరికి పోయి, స్విచ్చు ఉండిన చోట చేత్తో తడిమింది. నున్నటి గోడ.

మిషను దగ్గర నిలబడింది. "హలో హోమ్. సామి ఫ్యాన్ ఆన్."

"అంద పేరుల ఇంద వీట్టుల ఎదువుం ఇల్లె," అంది మిషను. ఆ పేరుతో ఈ ఇంట్లో ఏదీ లేదని.

"హలో హోమ్. మదన్ నైనా ఫ్యాన్ ఆన్."

అదే జవాబు, అదే మెత్తటి గొంతు.

"పెద్దాయన ఫ్యాన్. ముదలాళి ఫ్యాన్. మా ఇంటాయన ఫ్యాన్ ఆన్, తల్లీ!"

ఆ పేరుతో ఈ ఇంట్లో ఏదీ లేదు.

మెట్లెక్కింది, ఒక్కో మెట్టు మీద రెండు కాళ్ళూ పెట్టి. మేడమీది గది తలుపు సందులోంచి చల్లటి గాలి పాదాలకు తగిలింది. తట్టింది. షణ్ముగప్రియ తలుపు సగం తీసి, హెడ్‌ఫోను ఒక చెవి నుంచి పక్కకు లాగింది. చేతిలోనే ఫోను ఉంది. అందులో వేలు పెట్టి తాకితే చాలు కింద ఫ్యాను తిరిగేది.

"అమ్మా ప్రియా, కింద ఫ్యాను తిరగలేదు. ఆయనకు చెమట పోస్తా ఉండాది, పరుపు పడిపోయింది..."

"అత్తా, మీటింగ్‌లో ఉండా. ఒక్క మాట చెప్తే అయిపోతాది కదా. నేను దినమూ దిగి రాలేను. మీరు అలవాటు చేసుకోవాల." తలుపు నెమ్మదిగా మూసింది. చప్పుడు కూడా కాలేదు.

కిందికి దిగి కొడుకుకు ఫోను చేసింది. అవతల లేత్ మిషను కీచుమంటోంది.

"చెప్పమ్మా, బిరీన!"

చెప్పింది.

"అయ్యో అమ్మా! ఇదా? పేరు చెప్పి వేసుకో!" అని అరిచాడు చప్పుడు మీదుగా. "నీకు నైనా ముక్యమా, పేరు ముక్యమా?"

ఫోను పెట్టేశాడు. ఆ ఒక్క మాట తనను చెంపమీద కొట్టినట్టుందని చెప్పింది నాతో. చూడు మరి. ఆయన బతకాలనే కదా ఇన్నేళ్ళూ ఆ పేరు నోట్లోనే దాచుకుంది. ఇప్పుడు ఆయన మీద ప్రేమ లేకనే దాచుకుందని కొడుకు అన్నాడు.

గదిలో ఆయన నోరు తెరిచి ఊపిరి తీస్తున్నాడు. నాలుక ఎండి అంచులు తెల్లబడింది. చెంచాతో నీళ్ళు పోస్తే ఒక పక్క నుంచి కారిపోయాయి. తిరుమలమ్మాళ్ పమిట చెంగు తీసి, గడపలో పట్టుకున్నట్టే నోటికి అడ్డం పట్టుకుంది. ఏట్లో దిగే సామిని తలుచుకుంది. సామీ, ఇది నీ పేరు అనుకుని చెప్తున్నాను, ఆయన పేరనుకుని చెప్పడం లేదు, నువ్వు చూసుకో అని మొక్కింది.

"హలో హోమ్," అంది. "అళగర్‌సామి ఫ్యాన్ ఆన్."

సరి, అంది మిషను. ఫ్యాను కదిలింది.

"అళగర్‌సామి బెడ్ ఆన్."

మోటారు గుర్రుమంది. ఆమె తిరిగి చూసింది. ఆయన ఆమెనే చూస్తున్నాడు. కళ్ళు పెద్దవి చేసుకుని, రెప్ప వేయకుండా. ఎడమ కంటి కొన నుంచి నీళ్ళు కారి చెవిలోకి పోతున్నాయి.

ఆయన తాను పోయినట్టే అనుకున్నాడని, బతికుండగానే పెళ్ళాం తనను కాటికి పంపిందని అనుకున్నాడని తిరుమలమ్మాళ్‌కు తోచింది. మంచం పక్కన కూలబడి, రెండు చేతులా చెంపలు వేసుకుంది. "తప్పు, తప్పు. పరుపు కోసరం చెప్పినా. మీకు ఏమీ కాదు. ఏమీ కాదు. నా నోరు పడిపోనీ."

సాయంత్రం మదన్ గుమ్మంలోనే కేకేశాడు. "చెప్పినావంటనే! నా ఫోనులో వచ్చింది. సూపర్‌మా! చూస్తివా, ఏమైనా అయిందా? ఏమీ కాలేదు కదా?"

ఆమె కాఫీ ఇచ్చింది.

*

మర్నాడంతా ఆయన ఛాతీ చూస్తూ కూర్చుంది. పైకి లేస్తోంది, కిందికి దిగుతోంది. పసుపు గుడ్డలో ముడుపు కట్టి దేవుడి పటం వెనక పెట్టింది. ఆరోగ్యమేరి వచ్చి ఒళ్ళు తుడిచి, కమిలిన చోట మందు పూసి పోయింది. ఏమీ కాలేదు. కొడుకు చెప్పిందే నిజమైంది, ఏమీ కాలేదు. ఏమీ కానిదాని కోసమా ఇన్నేళ్ళు?

ఎండ దిగాక ఆయన ఎడమ చేత్తో మంచం పట్టె మీద తట్టాడు.

"ఏం, కంజి కావాల్నా?"

తల అడ్డంగా ఆడించాడు.

"పక్కకు తిప్పనా? పాసు వస్తా ఉండాదా?"

కాదు. మళ్ళీ తట్టాడు. ఆమె ముఖం వైపు చూశాడు. ముఖం కూడా కాదు, నోటి వైపు. ఫ్యాను తిరుగుతూనే ఉంది, పరుపు ఆడుతూనే ఉంది. ఆమె మిషను వైపు చూసి, ఆయన వైపు చూసింది. ఆయన మళ్ళీ తట్టాడు, ఈసారి మెల్లిగా.

అప్పుడు తెలిసింది ఆమెకు. తల్లీ తండ్రీ పోయాక ఆయన్ని పేరుతో పిలిచినవాళ్ళు లేరు. వర్క్‌షాపులో పనివాళ్ళకు ముదలాళి, ఇంట్లో నైనా, మామ. ఆసుపత్రిలో పేషెంటు. ఇప్పుడు, మాట పోయి ఒక గదిలో పడ్డాక, పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ పేరు వినపడుతోంది. వినపడగానే తల తిప్పుతున్నాడు. తిప్పితే, పిలిచింది ఫ్యానును.

ఆమె లేచి తలుపు దగ్గరికి వేసి వచ్చింది. మిషనుకు వీపు పెట్టి మంచం మీద కూర్చుంది. చెంగు అడ్డం పెట్టుకోలేదు.

"అళగర్‌సామీ," అంది.

ఆయన పెదవి ఎడమ కొన కదిలింది. ఏడుపో నవ్వో సగం ముఖంతో ఏం తెలుస్తుంది? కానీ ఆ చెయ్యి తట్టడం మానేసి ఆమె మోకాలి మీదికి వచ్చింది.

*

ఆదివారం పంకజవల్లి మళ్ళీ వచ్చింది. ఈసారి తన అన్ననూ వదిననూ తెచ్చింది, వాళ్ళ కొత్త ఇంటికీ ఇట్లాంటిదే పెట్టించాలని. మదన్ మళ్ళీ గదులు చూపించాడు. చివరికి అందరూ కింద గది గుమ్మంలోకి వచ్చారు.

తిరుమలమ్మాళ్ మంచం అంచున కూర్చుని చెంచాతో కంజి తాగిస్తోంది. వాళ్ళను చూసి లేవలేదు. చెంచా గిన్నెలో తిప్పి, "అళగర్‌సామీ, ఇటు తిరగండి. ఇంకొక్క గుక్క," అంది.

ఆయన తిరిగాడు. నోరు తెరిచాడు.

గుమ్మంలో ఎవరూ నవ్వలేదు. పంకజవల్లి అన్న పక్కకు తిరిగి గోడమీద కేలండరు చూడడం మొదలుపెట్టాడు. ఆయన పెళ్ళాం తాళి పట్టుకుని కళ్ళకద్దుకుంది.

"ఏం వదినా..." అంది పంకజవల్లి. "నిండు ముత్తైదువ, మొగుణ్ణి మొకం మీదనే పేరు పెట్టి... వినేదానికే బాగలేదు."

"పోయిన వారం గుమ్మానికి చెయ్యి అడ్డం పెట్టి చెప్పమంటిరే."

"అది మిషనుకు కదా!"

"మిషనును పిలిస్తే నవ్వొచ్చింది. మనిషిని పిలిస్తే వినేదానికే బాగలేదా వదినా?" అంది తిరుమలమ్మాళ్. ఆయన గడ్డం మీద కారిన కంజిని చెంగుతో తుడిచి, "అళగర్‌సామీ, చాలా?" అని అడిగింది.

మదన్ చెవులు ఎర్రబడ్డాయి. తల్లిని మోచెయ్యి పట్టి వంటింట్లోకి తీసుకుపోయాడు. గొంతు తగ్గించి, పళ్ళు బిగించి అన్నాడు. "అమ్మా, ఏం ఇది? నలుగురి ముందర నైనాని పేరు పెట్టి పిలుస్తావా? మానం పోతా ఉండాది నాకు. వాళ్ళు ఊరంతా చెప్తారు."

"నువ్వే చెప్పమంటివి కదరా. ఏమీ కాదంటివి."

"ఇట్లా కాదు! అది వేరే, ఇది వేరే."

"ఏం వేరే?"

పొయ్యి మీద వచ్చినవాళ్ళ కాఫీకి పాలు పెట్టి ఉన్నాయి. మదన్ జేబులోంచి ఫోను తీశాడు. అక్కడే నిలబడి, వేలితో నాలుగు చోట్ల తాకాడు. పాలు ఇంకా పొంగు రాలేదు, పని అయిపోయింది.

"ఇందా, మార్చేసినా. ఇంక ఎవరూ ఆ పేరు చెప్పే పని లేదు. నువ్వూ చెప్పొద్దు."

తిరుమలమ్మాళ్ కొడుకు చేతిలోని ఫోను వైపు చూసింది. పోయిన ఆదివారం అన్నం పెడుతూ అడిగింది ఇదే. ఫ్యాను ఆగిన రోజు మెట్లెక్కి పోయి తలుపు తట్టిందీ ఇంత పని కోసమే.

"ఏం పేరు పెట్టినావు?"

"దాంట్లో ఉన్న పేర్లలో ఒకటి తీసుకున్నా. గెస్ట్ రూమ్."

"అంటే ఏమిరా?"

మదన్ ఫోను జేబులో పెట్టుకున్నాడు. "విరుందాళి వస్తే ఉండే రూము."

"ఓహో," అంది ఆమె. పాలు పొంగాయి. గుడ్డ పట్టుకుని గిన్నె దించింది. "ఈ ఇంటికి ఇటిక ఇటిక మోసినోడు చుట్టపుచూపుగా వచ్చినాడా? సరిలే. కాఫీ తీసుకుపో, ఆరిపోతాది."

వచ్చినవాళ్ళు కాఫీ తాగి వెళ్ళిపోయారు. షణ్ముగప్రియ గుమ్మంలోంచే చెప్పి చూపించింది, "అత్తా, చూడండి, ఎంత ఈజీ. గెస్ట్ ఫ్యాన్ ఆన్, అంతే." ఫ్యాను తిరిగింది. అళగర్‌సామి తల తిప్పలేదు. పిల్ల సంతోషంగా మేడెక్కింది.

గదిలో ఇద్దరే మిగిలారు. బయట వీధిలో టౌను బస్సు హారను కొట్టుకుంటూ పోయింది. ఆయన ఎడమ చేత్తో మంచం పట్టె తట్టాడు. ఆమె లేచి, మిషను ముందు నిలబడింది. ఏమంటుందో తెలిసే అడిగింది.

"హలో హోమ్. అళగర్‌సామి ఫ్యాన్ ఆన్."

ఆ పేరుతో ఈ ఇంట్లో ఏదీ లేదు, అంది మిషను, అదే మెత్తటి గొంతుతో.

"లేకేం," అంది తిరుమలమ్మాళ్. "ఇందా, ఇక్కడే ఉండాడు. నువ్వు చూసుకోలేదు." మంచం మీదికి వచ్చి కూర్చుని, ఆయన చెయ్యి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. ఫోనులో తీసేసినా నోట్లోంచి తీయలేరు కదా. మళ్ళీ పిలిచింది. ఆయన తల తిప్పాడు.

ఇదీ జరిగింది. ఇంకో రకంగా ఎవరైనా చెబితే నువ్వు ఊరుకోవద్దు. ఇట్లా జరిగిందని చెప్పు. చెప్పేటప్పుడు ఆయన పేరు గట్టిగా చెప్పు, సిగ్గుపడకు. ఆ తర్వాత ఆమె పేరు కూడా చెప్పు. గడపలో ఒక్కసారి చెప్పి ఊరుకున్నాడు ఆయన, ఇప్పుడు చెబుదామన్నా నోరు లేదు. ఆ ఇంట్లో ఏ గదికీ ఆమె పేరు పెట్టలేదు. నువ్వన్నా గుర్తుపెట్టుకో పిల్లా. ఏదీ, ఒకసారి నా ముందర చెప్పు, వింటాను. తిరుమలమ్మాళ్.